రోగనిరోధక అవయవాల ఎదుగుదలలో సూక్ష్మజీవుల వాటా ఎంత?

జడ్చర్ల, షాద్‌నగర్ పరిసరాల్లోని బ్రాయిలర్ షెడ్లలో మూడు నుంచి ఆరు వారాల వయసు కోళ్లు ఉన్నట్టుండి ముడుచుకుని కూర్చుని, తెల్లటి నీళ్ల విరేచనాలతో చనిపోవడం మొదలైతే రైతు నోట మొదట వచ్చే మాట గంబోరో. పశువైద్యుడు చనిపోయిన కోడిని కోసి, తొడ కండరాల్లో రక్తపు చారలు ఉన్నాయేమో చూసి, ఆ తర్వాత పేగు చివర మలద్వారానికి పైభాగాన అంటుకుని ఉండే ఒక చిన్న తిత్తిని బయటికి తీస్తాడు. మామూలుగా కుంకుడుకాయంత ఉండే ఆ తిత్తి జబ్బు తొలి రోజుల్లో రెట్టింపు వాచి, పైన పసుపుపచ్చని జిగురు పొర కప్పుకుని ఉంటుంది. వారం తిరిగేసరికి కుంచించుకుపోయి వెతికితే గానీ దొరకదు. ఆ తిత్తి పేరు బర్సా. 1962లో అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో, గంబోరో అనే ఊరి చుట్టుపక్కల కోళ్లలో గుర్తించిన వైరస్ జబ్బు ఈ తిత్తిలోని కణాలనే ఏరి చంపుతుంది. జబ్బు నుంచి తేరుకున్న కోడి కూడా ఆ తర్వాత వేసే టీకాలకు సరిగా స్పందించదు. ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) తయారుచేసే కణాలు పెరిగేది ఆ తిత్తిలోనే కాబట్టి ఇలా జరుగుతుంది.

కోళ్ల రైతులకు జబ్బు ద్వారా పరిచయమైన ఈ అవయవమే, శరీరంలోని రోగనిరోధక అవయవాలు ఎలా రూపుదిద్దుకుంటాయి, అందులో పేగులోని సూక్ష్మజీవుల వాటా ఎంత అన్న పరిశోధనకు మంచి ప్రవేశద్వారం. పాదువా నగరంలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించిన ఫాబ్రిషియస్ ఈ తిత్తిని వర్ణించిన రచన, ఆయన చనిపోయాక 1621లో అచ్చయింది. అది ఏ పనికి ఉపయోగపడుతుందో ఆ తర్వాత మూడు వందల ఏళ్లకు పైగా ఎవరికీ అంతుపట్టలేదు. 1950లలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ గ్లిక్ దాన్ని కోసి తీసేసి కోడిలో ఏం మారుతుందో గమనించాడు. పైకి చూడడానికి ఏమీ మారలేదు. ప్రతిరక్షకాలు ఎలా పుడతాయో తరగతిలో చూపించడానికి కోళ్లు అవసరమైన టిమోతీ చాంగ్ అనే తోటి విద్యార్థి, గ్లిక్ దగ్గరున్న ఆ కోళ్లనే వాడి వాటికి సాల్మొనెల్లా బ్యాక్టీరియా పదార్థం ఎక్కించాడు. ప్రతిరక్షకాలు పుట్టలేదు. తరగతి ప్రదర్శన విఫలమైంది గానీ దాని వెనుక ఉన్న కారణం రోగనిరోధక శాస్త్రాన్నే మలుపు తిప్పింది. ఆ ఫలితాన్ని పేరుమోసిన పత్రిక ఒకటి తిరస్కరించగా, చివరికి 1956లో కోళ్ల పరిశ్రమవారు చదివే పౌల్ట్రీ సైన్స్ పత్రికలో అచ్చయింది. ప్రతిరక్షకాలను తయారుచేసే కణానికి వైద్య విద్యార్థులు రోజూ పలికే బి కణం అన్న పేరులోని బి అక్షరం ఈ బర్సా నుంచి వచ్చిందే.

బర్సా ఎదుగుదలను దగ్గరగా గమనిస్తే శరీరం చేసే పని ఎక్కడిదాకా, సూక్ష్మజీవులు చేసే పని ఎక్కడినుంచి అన్న గీత చాలావరకు స్పష్టంగా కనిపిస్తుంది. గుడ్డు పొదుగులో పడిన నాలుగైదు రోజులకే తిత్తి మొలక కనిపిస్తుంది. ఎనిమిదో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య రక్తం ద్వారా వచ్చిన మూలకణాలు అందులో చేరి, సుమారు పది వేల చిన్న గుళికలుగా స్థిరపడతాయి. కోడికి ప్రతిరక్షకాల భారీ గొలుసు కోసం సరిగా పనిచేసే జన్యుభాగం ఒక్కటే ఉంటుంది. దాని పక్కనే పనిచేయని నకళ్లు వరుసగా ఉంటాయి. బి కణం ఆ నకళ్ల నుంచి ముక్కలు తెచ్చి అసలు జన్యువులో అతికించుకుంటూ పోవడం వల్ల రకరకాల ప్రతిరక్షకాలు తయారవుతాయి. ఈ అతుకుల పని గుడ్డులో ఉండగానే, అంటే ఒక్క సూక్ష్మజీవి కూడా తగలకముందే మొదలవుతుంది.

ఇరవై ఒకటో రోజున పిల్ల బయటికి వచ్చాక పరిస్థితి మారుతుంది. బర్సాను పేగు చివరితో కలిపే నాళం తెరుచుకుంటుంది. మలద్వారం దగ్గరి కండరాల కదలికతో బయటి పదార్థం వెనక్కి, లోపలికి పీల్చబడుతుంది. పిల్ల మలద్వారం మీద బొగ్గు నుసి కలిపిన ద్రవం చుక్క వేస్తే, కాసేపటికి ఆ నల్లటి కణాలు బర్సా గుళికల పై పొరలో కనిపిస్తాయని ప్రయోగాలు చూపించాయి. కోడిపిల్ల కూర్చున్న నేల మీది సూక్ష్మజీవులు ఈ విధంగా నేరుగా రోగనిరోధక కణాల ముందుకు చేరుతాయి. పిల్ల గుడ్డు నుంచి బయటికి రాకముందే ఆ నాళాన్ని దారంతో కట్టేసిన కోళ్లలో గుళికలు ఉంటాయి, వాటిలో బి కణాలు కూడా ఉంటాయి, అయితే తర్వాతి ఎదుగుదల బాగా మందగిస్తుంది. సూక్ష్మజీవులు లేకుండా పెంచిన కోళ్లలోనూ ఇంచుమించు ఇదే ధోరణి. గుడ్డులోనే పునాదితో సహా గోడలు లేచిపోయిన అవయవానికి, లోపలి సందడి మాత్రం బయటి నుంచే రావాలని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోక తప్పదు. పెట్ట కింద పొదిగిన నాటుకోడి పిల్లకు తొలి సూక్ష్మజీవులు తల్లి ఈకల నుంచి, రెట్ట నుంచి, తల్లి కాళ్లతో గీరిన మట్టి నుంచి అందుతాయి. హేచరీలో గుడ్లకు పొగ పెట్టి శుద్ధి చేస్తారు, యంత్రంలో పొదిగిస్తారు, ఒక్క రోజు వయసు పిల్లల్ని డబ్బాల్లో లారీకెక్కిస్తారు. అవి పాలమూరు, నల్లగొండ వైపు షెడ్లలో వరి ఊక మీదికి దిగేదాకా పెద్దకోడి పొడ కూడా ఎరగవు. ఊక, నీటి తొట్టి, దాణా, పనివారి చేతులు, వీటి ద్వారానే వాటి పేగుల్లోకి తొలి బ్యాక్టీరియా చేరుతుంది. ఫిన్లాండ్‌కు చెందిన నుర్మి, రాంటలా 1973లో ప్రచురించిన ప్రయోగం ఈ లోటు ఎంతటిదో చూపించింది: ఆరోగ్యమైన పెద్దకోడి పేగులోని పదార్థాన్ని అప్పుడే పుట్టిన పిల్లలకు తాగిస్తే, సాల్మొనెల్లా వాటి పేగులో పాతుకోవడం చాలావరకు తగ్గిపోయింది. పేగులో ముందే చోటు ఆక్రమించిన మంచి బ్యాక్టీరియా చెడు బ్యాక్టీరియాను నిలవనీయకపోవడం దీనికి ముఖ్య కారణం. దాన్ని బర్సా ఎదుగుదలకు రుజువుగా చూపించడం తొందరపాటే అవుతుంది, అమ్మకాల కరపత్రాల్లో అలా చూపించేవారు ఉన్నప్పటికీ.

సూక్ష్మజీవుల పాత్రను తేల్చడానికి అన్నిటికంటే సూటి మార్గం అవి అసలే లేని జంతువును తయారుచేసి చూడడం. సూక్ష్మజీవులు లేకుండా జంతువు బతకడం అసాధ్యమని 1885లో లూయీ పాశ్చర్ అభిప్రాయపడ్డాడు. సుమారు పదేళ్ల తర్వాత బెర్లిన్‌లో నటాల్, తియర్‌ఫెల్డర్ గినీ పందిపిల్లను కోత ద్వారా బయటికి తీసి, శుద్ధి చేసిన గాలి, పాలతో కొన్ని రోజులపాటు బతికించారు. తరతరాలుగా సూక్ష్మజీవులు లేకుండా ఎలుకలను పెంచడం అమెరికాలోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయంలో రేనియర్స్ బృందం చేతుల్లో సాధ్యమైంది. అక్కడే ట్రెక్స్‌లర్ 1957లో ఉక్కు పెట్టెల బదులు చవకైన ప్లాస్టిక్ గుడారం లాంటి ఐసోలేటర్లను రూపొందించాక ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. నిండు చూలు ఎలుక గర్భసంచిని మొత్తంగా తీసి, క్రిమిసంహారక ద్రవంలో ముంచి, ఐసోలేటర్‌లోకి పంపి, అక్కడ పిల్లలను బయటికి తీసి అప్పటికే సూక్ష్మజీవులు లేని పెంపుడు తల్లికి అప్పగిస్తారు. గాలి వడపోత గుండా వస్తుంది, దాణా ఆవిరితో గానీ రేడియేషన్‌తో గానీ శుద్ధి అవుతుంది, మనిషి చేతులు గోడకు అమర్చిన రబ్బరు తొడుగుల్లోంచే లోపలికి వెళ్తాయి. శుద్ధి చేసిన దాణాలో చచ్చిన బ్యాక్టీరియా ముక్కలు మిగిలే ఉంటాయి కాబట్టి, ‘సూక్ష్మజీవ రహితం’ అంటే బతికిన సూక్ష్మజీవి లేదని మాత్రమే గ్రహించాలి.

అలాంటి చిట్టెలుకను కోసి చూస్తే మొదట కంటికి కనిపించేది ఉబ్బిపోయిన సీకం, అంటే చిన్నపేగు పెద్దపేగులో కలిసే చోటుండే సంచి. పేగు గోడ స్రవించే జిగురును అరిగించే బ్యాక్టీరియా లేక అది మామూలు కంటే ఎన్నో రెట్లు పెద్దదవుతుంది. బ్యాక్టీరియా తయారుచేయాల్సిన విటమిన్ కె దాణాలో కలపకపోతే రక్తస్రావం జరుగుతుంది. రోగనిరోధక అవయవాల సంగతి మరింత ఆసక్తికరం, ఎందుకంటే అన్నిటి మీదా ప్రభావం ఒకేలా లేదు. ఛాతీలో ఉండి టి కణాలు అనే రోగనిరోధక కణాలను తీర్చిదిద్దే థైమస్ గ్రంథి ఆకృతి పెద్దగా చెడదు. ప్లీహం, లింఫ్ గ్రంథులు ఉండాల్సిన చోటే ఉంటాయి, అయితే చిన్నవిగా ఉంటాయి, వాటిలో బి కణాలు పదును తేలే కేంద్రాలు తక్కువ. చిన్నపేగు గోడలో రోగనిరోధక కణాల గుంపులైన పేయర్స్ ప్యాచులు ఉంటాయి గానీ ఎదగవు. పేగులో స్రవించే ఐజీఏ అనే ప్రతిరక్షకం బాగా పడిపోతుంది, రక్తంలోని ఐజీఎం మాత్రం దాదాపు మామూలుగానే ఉంటుంది. ఎముక మజ్జలో సూక్ష్మజీవులను మింగే తెల్లకణాల ఉత్పత్తి కూడా మందగిస్తుంది. పేగుకు దూరంగా, ఎముక లోపల ఉండే కణజాలం పేగులోని బ్యాక్టీరియాను బట్టి నడుస్తుందన్న విషయం ఈ మొత్తం పరిశోధనలో తక్కువ మంది పట్టించుకున్న అంశం.

ఈ తేడాలకు కారణం అవయవాల పుట్టుకలోనే ఉంది. లింఫ్ గ్రంథులు, పేయర్స్ ప్యాచులు ఎక్కడ ఏర్పడాలో తల్లి కడుపులో ఉండగానే నిర్ణయమవుతుంది. లింఫ్ కణజాలాన్ని ప్రేరేపించే ఒక ప్రత్యేక కణజాతి ఆ చోట్లకు చేరి, లింఫోటాక్సిన్ అనే ప్రోటీన్ ద్వారా చుట్టుపక్కల కణాలను సిద్ధం చేస్తుంది. ఈ పనికి సూక్ష్మజీవి అక్కర్లేదు, లింఫోటాక్సిన్ జన్యువు లేని ఎలుకకు ఎన్ని సూక్ష్మజీవులు అందినా ఆ అవయవాలు రావు. అయితే పేగు గోడలో పుట్టిన తర్వాత ఏర్పడే చిన్న చిన్న విడి గుళికలు ఉన్నాయి, వాటి కథ వేరు. పారిస్‌లోని పాశ్చర్ సంస్థకు చెందిన బృందం 2008లో తేల్చిన దాని ప్రకారం, కొన్ని బ్యాక్టీరియాల కణకుడ్యంలోని పెప్టిడోగ్లైకాన్ ముక్కలను పేగు పొర కణాలు నాడ్-1 అనే గ్రాహకంతో పసిగట్టినప్పుడే ఆ గుళికలు పూర్తిగా ఎదుగుతాయి. ఒక అవయవ నిర్మాణానికి కావలసిన సంకేతం బయటి జీవి కణకుడ్యం నుంచే వస్తుందని అణువు స్థాయిలో చూపిన అరుదైన ఉదాహరణ ఇది.

ఏదో ఒక బ్యాక్టీరియా ఉంటే చాలా అన్న ప్రశ్నకు సమాధానం 2009లో వచ్చింది. న్యూయార్క్‌లో లిట్‌మన్ ప్రయోగశాలలో ఐవనోవ్ బృందం, రెండు వేర్వేరు సంస్థల నుంచి కొన్న ఒకే వంశపు చిట్టెలుకల పేగుల్లో టీహెచ్-17 అనే టి కణాల సంఖ్య వేర్వేరుగా ఉండడం గమనించింది. జన్యువులు ఒకటే, దాణా తేడా కాదు. చిన్నపేగు చివరి భాగంలో గోడకు గుచ్చుకుని దారాల్లా పెరిగే ఒక్క రకం బ్యాక్టీరియా ఒక సంస్థ ఎలుకల్లో ఉంది, మరో సంస్థ ఎలుకల్లో లేదు. ఆ దారపు బ్యాక్టీరియాను సూక్ష్మజీవ రహిత ఎలుకకు ఇస్తే టీహెచ్-17 కణాలు పుట్టుకొచ్చాయి. అదే ప్రయోగం వేర్వేరు ప్రయోగశాలల్లో వేర్వేరు ఫలితాలు ఎందుకిస్తుందో తెలియక తలలు పట్టుకున్న పరిశోధకులకు ఇది చాలా చిక్కుముళ్లు విప్పింది. ఎలుక ఏ వంశానిదో రాసి ఏ పంజరం నుంచి వచ్చిందో రాయకుండా వదిలేసిన పాత పత్రాల మీద కొంత అనుమానం కూడా మిగిల్చింది.

కుందేలు ఈ విషయంలో మరింత పట్టుదల గల జంతువు. దాని అపెండిక్స్ పెద్దది; పుట్టిన కొన్ని వారాల్లో బి కణాలు అక్కడే చేరి తమ జన్యువులను మార్చుకుంటాయి. పుట్టిన వెంటనే అపెండిక్స్‌ను పేగు నుంచి కట్టి వేరుచేస్తే అందులో గుళికలు ఎదగవు. అలా శుద్ధంగా ఉంచిన అపెండిక్స్‌లోకి బ్యాక్టీరియాలను ఒక్కొక్కటిగా ఎక్కించి చూసిన క్యాథరిన్ నైట్, డెనిస్ లానింగ్ బృందం 2004లో ఒక విచిత్రమైన ఫలితాన్ని ప్రచురించింది. బ్యాక్టరాయిడిస్ ఫ్రజిలిస్ ఒక్కటే ఇస్తే ఎదుగుదల లేదు, బాసిల్లస్ సబ్టిలిస్ ఒక్కటే ఇచ్చినా లేదు. రెండూ కలిపి ఇచ్చినప్పుడు గుళికలు ఎదిగాయి, ప్రతిరక్షకాల వైవిధ్యం కూడా పెరిగింది. పైగా బాసిల్లస్‌లో ప్రతికూల పరిస్థితులకు స్పందించే జన్యువు ఒకటి చెడితే ఆ జంట కూడా పనిచేయలేదు.

ఇంతవరకు చదివినవారికి సూక్ష్మజీవి లేకుండా బి కణాల వైవిధ్యమే అసాధ్యం అనిపించవచ్చు. ఆ అభిప్రాయాన్ని గొర్రె చెడగొడుతుంది. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో 1.9 కోట్లకు పైగా గొర్రెలున్నాయి, దేశంలో ఇదే అత్యధికం. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో గొల్ల కురుమలకు వాటి ఈనిక, పిల్లల పెంపకం తెలియనిది కాదు. గొర్రె చూలు సుమారు అయిదు నెలలు. ఆ కాలం చివరి భాగంలో, కడుపులోని పిల్ల చిన్నపేగు చివర మీటరుకు మించి పొడవు సాగే పేయర్స్ ప్యాచ్ ఏర్పడి, కోడి బర్సా చేసే పనిని చేస్తుంది. అక్కడ బి కణాలు తమ జన్యువుల్లో మార్పులు చేసుకోవడానికి బయటి పదార్థం ఏదీ అవసరం లేదని రేనో, వైల్ తదితరులు 1995లో చూపించారు. గొర్రెలో మావి గుండా ప్రతిరక్షకాలు పిల్లకు చేరవు. ఈనిన తొలి రోజున తాగే ముర్రుపాల ద్వారానే అవి అందాలి. పిల్లను వెంటనే లేపి పొదుగు దగ్గరికి చేర్చే కాపరి చేతిలో ఉన్నది ఆ తొలి రక్షణే. తల్లి నుంచి అరువు తెచ్చుకునే రక్షణ ఒకటి, పిల్ల సొంతంగా కడుపులోనే కట్టుకునే అవయవం ఒకటి, ఆ తర్వాత పేగులో చేరే సూక్ష్మజీవులు మరొకటి. గొర్రెలో ఈ మూడూ వేర్వేరు వేళల్లో వస్తాయి. కుందేలులో రెండో పని మూడోదాని కోసం కాచుకుని ఉంటుంది. కాబట్టి ఒక జంతువులో కనుగొన్న నియమాన్ని పేరు చెప్పకుండా ‘ప్రయోగశాల జంతువుల్లో’ అని రాయడం శాస్త్రీయంగా తప్పుదారి పట్టిస్తుంది, ఆ మాట తెలుగు పత్రికల ఆరోగ్య పేజీల్లో ఎంత అలవాటుగా కనిపించినా.

వేళ ప్రాధాన్యం చిట్టెలుకలో ఇంకా తేటతెల్లం. పెద్దయిన సూక్ష్మజీవ రహిత ఎలుకకు బ్యాక్టీరియా ఇస్తే కొన్ని వారాల్లో ఐజీఏ పెరుగుతుంది, పేయర్స్ ప్యాచులు పుంజుకుంటాయి. అయితే 2012లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, పేగులోనూ ఊపిరితిత్తుల్లోనూ మితిమీరి చేరిన ఒక రకం టి కణాలను అదుపులోకి తేవడం, పుట్టిన తొలి రోజుల్లో బ్యాక్టీరియా ఇచ్చినప్పుడే సాధ్యమైంది. పెద్దయ్యాక ఇస్తే ఆ ఎలుకలు పెద్దపేగు వాపుకు, ఉబ్బసం లాంటి స్థితికి గురవుతూనే ఉన్నాయి. పిల్లలు పాలు మాని దాణాకు మళ్లే రెండు నుంచి నాలుగు వారాల మధ్య పేగులో రోగనిరోధక స్పందన ఒక్కసారి ఉవ్వెత్తున లేస్తుందని, దాన్ని యాంటీబయాటిక్స్‌తో అడ్డుకుంటే తర్వాతి జీవితంలో వాపు జబ్బులకు మొగ్గు ఎక్కువవుతుందని 2019లో మరో బృందం చూపింది. తల్లి కడుపులోనూ ఈ ప్రభావం మొదలవుతుంది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో, కొద్దిరోజుల్లో దానంతటదే నశించేలా మార్చిన ఒక ఈ.కోలై రకాన్ని చూలు ఎలుకలకు ఇచ్చారు. ప్రసవం నాటికి తల్లులు మళ్లీ సూక్ష్మజీవ రహితంగా మారాయి, పిల్లలకు ఏ బ్యాక్టీరియా తగలలేదు, అయినా ఆ పిల్లల పేగులో సహజ రోగనిరోధక కణాలు పెరిగాయి. బ్యాక్టీరియా నుంచి పుట్టిన పదార్థాలు తల్లి ప్రతిరక్షకాల తోడుతో మావి, పాల ద్వారా పిల్లకు చేరడమే అందుకు కారణమని 2016లో తేలింది.

ఎవరి సూక్ష్మజీవులు అన్నది కూడా ముఖ్యమే. హార్వర్డ్‌లో క్యాస్పర్ బృందం 2012లో సూక్ష్మజీవ రహిత చిట్టెలుకలకు మనుషుల పేగు బ్యాక్టీరియా ఎక్కించింది. బ్యాక్టీరియా సంఖ్యలోగానీ రకాల్లోగానీ కొరత లేకపోయినా ఆ ఎలుకల పేగులో టి కణాలు దాదాపు సూక్ష్మజీవులు లేని ఎలుకల స్థాయిలోనే ఉండిపోయాయి; పెద్దజాతి ఎలుకల బ్యాక్టీరియా ఇచ్చినా ఫలితం అంతంత మాత్రమే. మనిషి బ్యాక్టీరియా మోసే ఎలుకలో మందు పరీక్షిస్తే ఫలితం మనిషికి దగ్గరగా ఉంటుందన్న ఆశ మీద ఇది నీళ్లు చల్లింది.

జడ్చర్ల దగ్గరి పోలేపల్లి లాంటి చోట మందుల కర్మాగారాలు ఉన్న ప్రాంతానికి ఈ విషయం కేవలం పాఠ్యపుస్తకాలది కాదు. మందు మనిషి దాకా రావాలంటే ముందు ప్రయోగశాల జంతువుల్లో పరీక్షలు దాటాలి, ఆ జంతువులేమో పేర్కొన్న జబ్బు క్రిములు లేకుండా, తరతరాలుగా శుభ్రమైన పంజరాల్లో పెరిగినవి. 2006లో లండన్‌లో టీజీఎన్-1412 అనే ప్రతిరక్షక మందును తొలిసారి ఆరుగురు ఆరోగ్యవంతులకు ఇచ్చినప్పుడు, నిమిషాల నుంచి గంటల వ్యవధిలో వారి శరీరంలో వాపు రసాయనాలు పెల్లుబికి, అవయవాలు దెబ్బతిని అందరూ అత్యవసర చికిత్సలో చేరారు. జంతు పరీక్షల్లో అది సురక్షితమని కనిపించింది. చిట్టెలుకల్లో అలాంటి మందు వాపును అణిచే టి కణాలను పెంచింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మసోపస్ట్ బృందం 2016లో, పెంపుడు జంతువుల దుకాణం ఎలుకలతో కలిపి ఉంచిన ప్రయోగశాల ఎలుకల్లో కొన్ని చనిపోయినా, బతికినవాటి రోగనిరోధక వ్యవస్థ పెద్ద మనిషి వ్యవస్థకు దగ్గరైందని, అంతకుముందు అది నవజాత శిశువుదాన్ని పోలి ఉందని చూపింది. రోషార్ట్ బృందం ప్రయోగశాల వంశపు పిండాలను అడవి ఎలుకల కడుపులో పెంచి, జన్యువులు ప్రయోగశాలవి, సూక్ష్మజీవులు అడవివి అయిన ఎలుకలను తయారుచేసింది. 2019లో వాటికి టీజీఎన్-1412 తరహా మందు ఇచ్చినప్పుడు, అణిచే కణాలు పెరగడానికి బదులు వాపు స్పందన కనిపించింది, లండన్‌లో మనుషుల్లో జరిగినట్టే.

దీన్నిబట్టి శుభ్రమైన ఎలుకలను పక్కన పెట్టేయాలని కొందరు అంటున్నారు, అది తొందరపాటు. అడవి సూక్ష్మజీవులు మోసే ఎలుకల్లో ఫలితాలు ఒకదానితో మరొకటి ఎక్కువగా విభేదిస్తాయి, అదే తేడాను పట్టుకోవడానికి మరిన్ని జంతువులు కావలసి వస్తాయి, వాటిలోని క్రిములు పక్క పంజరాలకు పాకకుండా వేరే గదులు కావాలి. ఒక్క గ్రాహకం చేసే పనిని వేరుచేసి చూడడానికి, పారిస్ బృందం నాడ్-1 విషయంలో చేసినట్టు, ఏమీ లేని ఎలుకే ఇప్పటికీ మేలు. మనిషిలో మందు ఎలా ప్రవర్తిస్తుందో అంచనా వేయడానికి మాత్రం జబ్బుల మధ్య పెరిగిన ఎలుకను కూడా అడగాల్సిందే, దాని పేగులో ఏమున్నాయో ముందే పరీక్షించి రాసిపెట్టుకుని.